ప్రవేశదరువు నుంచి బృందవాద్యం దాకా: తెలుగు చలనచిత్రాల్లో వీరనాయకుని సంగీత చిత్రణ

ఉపోద్ఘాతం

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు రెవెన్యూ డివిజన్‌లోని రెడ్డిగూడెం మామిడితోటలున్న మెట్ట ప్రాంతపు మండల కేంద్రం. ఇటువంటి ఊళ్లలో డప్పు మోగితే, విన్నవారికి వీధిలోకి రాకముందే సంగతి తెలుస్తుంది. పెళ్లి ఊరేగింపుకు ఒక దరువు, జాతరకు ఒక దరువు, చావుకు ఒక దరువు, చాటింపుకు మరొక దరువు. మనిషి కంటబడకముందే అతని రాకను, ఆ రాకకున్న అర్థాన్ని ధ్వని తెలియజేస్తుంది. చలనచిత్రంలో కథానాయకుడు తెరమీదికి రాకముందు వినిపించే ఆర్కెస్ట్రా థీమ్ చేసే పని కూడా ఇదే.

‘దరువు’ అనే మాటకు తెలుగులో మరొక ప్రసిద్ధార్థం ఉంది. యక్షగానంలో, కూచిపూడి ప్రదర్శనలో పాత్ర రంగంమీదికి వచ్చేటప్పుడు పాడే పాటను ప్రవేశదరువు అంటారు. వాద్యపు దెబ్బకూ పాత్రను పరిచయం చేసే పాటకూ ఒకే పేరు ఉండటం యాదృచ్ఛికమని కొట్టివేయదగినది కాదు. తెలుగు శ్రోత అనుభవంలో వీరుని రాకను తెలిపే లయ, అతని పేరును పలికే మాట చాలాకాలం ఒకదానినొకటి విడిచి లేవని అది సూచిస్తున్నది.

తెలుగు చలనచిత్రాల వీరనేపథ్య సంగీతాన్ని పాశ్చాత్య సినిమా నుంచి తెచ్చుకున్న అలంకారంగా భావించడం పరిపాటి. బృందవాద్య రచనా పద్ధతి వరకు ఆ భావన సరైనదే. అయితే వాద్యం ఎక్కడ ఆగి మాట ఎక్కడ మొదలవుతున్నదో పరిశీలిస్తే వేరొక చరిత్ర కనిపిస్తుంది. తెలుగు సినిమాలో వీరుని థీమ్ స్వతంత్ర వాద్యరచనగా నిలిచిన సందర్భాలకంటే, అక్షరాన్ని వెతుక్కుంటూ వెళ్లిన సందర్భాలే ముఖ్యమైనవి. ఆ అక్షరం మొదట పద్యంగా, తరువాత పిలుపుగా, నేడు సంస్కృత బృందగానంగా రూపం మార్చుకున్నది. ఈ మార్పులో వీరుడెవరు, అతడు ఎవరి పక్షాన నిలిచాడు అనే ప్రశ్నకు లభించే సమాధానం కూడా మారింది. దానిని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ధ్రువ, దరువు, ప్రత్యక్షరం

పాత్రకు తగిన సంగీతం అనే భావన మన నాట్యశాస్త్రమంత పాతది. భరతుడు నాటకంలో పాడవలసిన ధ్రువాగానాలను ప్రావేశికి, ఆక్షేపికి, ప్రాసాదికి, ఆంతర, నైష్క్రామికి అని ఐదు విధాలుగా చెప్పాడు. ప్రావేశికి పాత్ర ప్రవేశానికి, నైష్క్రామికి నిష్క్రమణకు సంబంధించినవి. తక్కినవి సన్నివేశంలో రసం మారినప్పుడు, ప్రసన్నతను కలిగించవలసినప్పుడు, నడుమ ఏర్పడిన వెలితిని పూరించవలసినప్పుడు ఉపయోగపడేవి. ఆధునిక పరిభాషలో రీరికార్డింగ్ అని పిలిచే ప్రక్రియ నిర్వహించే పనులు దాదాపు ఇవే. రసానికీ స్వరానికీ గల సంబంధాన్ని చెబుతూ భరతుడు వీర, రౌద్ర, అద్భుత రసాలకు షడ్జ రిషభాలను ప్రధాన స్వరాలుగా నిర్దేశించాడు. ‘ధ్రువ’ శబ్దం నుంచే ‘దరువు’ ఏర్పడిందని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు.

కూచిపూడి సంప్రదాయంలో ఈ సూత్రం సజీవంగా నిలిచింది. భామాకలాపంలో సత్యభామ తెరవెనుక నుంచి జడను చూపి, ప్రవేశదరువులో తానెవరో తానే చెప్పుకొంటుంది. ప్రహ్లాద యక్షగానంలో హిరణ్యకశిపుని ప్రవేశం మరొక తీరుది. అడుగు బరువు, తాళపు ఉద్ధతి, దరువులోని సమాసాల గట్టితనం మూడూ కలిసి అతడు ధీరోద్ధతుడని ముందే తెలుపుతాయి. ఇక్కడ మృదంగం ఒక్కటే పాత్రను చిత్రించదు, సాహిత్యం ఒక్కటే చిత్రించదు. జతి, అక్షరం ఒకదానిమీద ఒకటి కూర్చున్నప్పుడే పాత్ర రూపొందుతుంది.

వీరగాథా గానానికి తెలుగులో లభించే అపురూపమైన కావ్యసాక్ష్యం క్రీడాభిరామంలో ఉంది. ఓరుగల్లు వీథుల్లో తిరుగుతున్న మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక స్త్రీ ద్విపదలో వీరుల కథ పాడటం చూస్తారు. ద్రుతతాళంలో వాద్యం మోగుతుంటుంది. ఆమె పలికే ఒక్కొక్క అక్షరానికి అక్కడి యువకులు ఆవేశంతో తూలిపోతారు. కవి ఇక్కడ ఆవేశకారణాన్ని నిర్దిష్టంగా చెప్పాడు. వాద్యాన్ని వర్ణించి ఊరుకోక, శ్రోతల ఉద్రేకాన్ని ‘ప్రత్యక్షరానికి’ ముడిపెట్టాడు. కారంపూడిలో పల్నాటి వీరుల కథను పాడే వీరవిద్యావంతుల గానంలోనూ, కథకుని తంబురాకు ఇరువైపులా వంతల డక్కీలు బదులు పలికే బుర్రకథలోనూ ఇదే బంధం కొనసాగింది. వాద్యం పూనకాన్ని సిద్ధం చేస్తుంది. అక్షరం దానికి పేరు పెడుతుంది.

ఒక్కొక్క వీరునికి ఒక్కొక్క ధ్వని ఉండాలన్న ఊహ కూడా మనకు కొత్తది కాదు. భారత యుద్ధారంభంలో కృష్ణుని పాంచజన్యం, అర్జునుని దేవదత్తం, భీముని పౌండ్రం వేర్వేరుగా మోగుతాయి. అక్కడ సైతం శంఖాన్ని పేరు చెప్పకుండా వదలలేదు. ధ్వనికి నామధేయం ఉంటేనే అది వీరునికి చెందుతుంది.

పాశ్చాత్య బృందవాద్యంలో వీరుడు

పాత్రకు ఒక స్వరవాక్యాన్ని కేటాయించి, కథ నడిచేకొద్దీ దాన్ని మార్చుతూ మళ్లీ మళ్లీ వినిపించే పద్ధతికి పాశ్చాత్య సంగీతంలో వాగ్నర్ సంగీత నాటకాలు ప్రసిద్ధ నిదర్శనం. 1876లో బైరాయిట్‌లో పూర్తిగా ప్రదర్శింపబడిన ఆయన నాటక చతుష్టయంలో జీగ్‌ఫ్రీడ్ అనే వీరునికి కొమ్మువాద్యపు పిలుపు గుర్తు. హాలీవుడ్ ఈ పద్ధతిని స్వీకరించింది. 1938 నాటి రాబిన్‌హుడ్ చిత్రానికి కోర్న్‌గోల్డ్, 1978 నాటి సూపర్‌మ్యాన్ చిత్రానికి జాన్ విలియమ్స్ రచించిన సంగీతాలు వీరథీమ్‌కు తరువాతి వారు అనుసరించిన నమూనాలయ్యాయి.

ఈ థీమ్‌లలో ట్రంపెట్, హారన్ వంటి ఇత్తడి వాద్యాలకు ప్రాధాన్యం లభించడానికి కారణం ఉంది. అవి వేటలోనూ సైన్యంలోనూ సంకేతాలిచ్చిన వాద్యాలు. మీటలు లేని పాత కొమ్ములు సహజ అనుస్వరాలను మాత్రమే పలకగలవు గనుక ఆ సంకేతాల్లో షడ్జ పంచమాల దూరం, దాని తిరుగుబాటైన చతుర్థం తరచుగా వినబడేవి. ఆ స్వరాంతరాలు విన్న శ్రోతకు ఈనాటికీ బయలు, దూరం, పిలుపు స్ఫురిస్తాయి. మన కొమ్ము, బూర, శంఖం ఊరేగింపులోనూ జాతరలోనూ చేసే పని ఇదే కాబట్టి తెలుగు శ్రోతకు ఈ ధ్వని పరాయిదిగా తోచలేదు.

మరొక విషయం గమనించదగినది. విలియమ్స్ రచించిన థీమ్‌లో మాట ఒక్కటీ లేదు. అయినా అది పతాకస్థాయికి చేరే చోట వినిపించే మూడు స్వరాల పలుకు ‘సూ-పర్-మ్యాన్’ అనే మూడు మాత్రల ఉచ్చారణకు సరిపోతుంది. మాటలేని వాద్యరచన సైతం వీరుని పేరును లోలోపల పలుకుతున్నది. పాశ్చాత్య పద్ధతి నామాక్షరాన్ని వాద్యంలో దాచింది. తెలుగు పద్ధతి దానిని బయటికి పాడింది. రెండింటి మధ్య గల భేదం ఇంతటిదే గాని, ఒకటి వాద్యసంస్కృతి, మరొకటి గానసంస్కృతి అని పూర్తిగా విడదీయదగినది కాదు.

పద్యమే థీమ్: మాయాబజార్

తెలుగు టాకీ తొలిదశాబ్దాల్లో వీరుని సంగీతచిహ్నం పద్యం. పద్యనాటక రంగం నుంచి సినిమాకు సంక్రమించిన ఈ అలవాటులో వాద్యబృందం స్థానం పరిమితం. పద్యానికి ముందు శ్రుతిని, రాగచ్ఛాయను అందించడం, పాదానికీ పాదానికీ నడుమ ఊపిరి తీసుకొనే వ్యవధిని నింపడం, చివరి రాగాలాపనను మోయడం దాని పనులు. నాటకశాలలో హార్మోనియం చేసిన పనిని స్టూడియోలో వాయులీనాల బృందం చేపట్టింది.

1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్ ఈ పద్ధతికి పరిణత రూపం. విజయా సంస్థ నిర్మించి, కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి సాలూరి రాజేశ్వరరావు కొన్ని పాటలకు బాణీలు కట్టగా, వాటి వాద్యసమ్మేళనాన్నీ తక్కిన సంగీతాన్నీ ఘంటసాల నిర్వహించాడు. కూచిపూడివారు శశిరేఖాపరిణయంగా ఆడిన కథే ఇది. ఘటోత్కచ పాత్రధారి ఎస్.వి.రంగారావు రెడ్డిగూడేనికి పొరుగున ఉన్న నూజివీడులో జన్మించినవాడు. ఘంటసాల అదే పాత కృష్ణాజిల్లాలోని చౌటపల్లివాడు. యక్షగానం, పద్యనాటకం సమృద్ధిగా ఉన్న ఒక్క జిల్లా నేల నుంచి ఈ పాత్రకు రూపం, ధ్వని రెండూ లభించాయి.

ఘటోత్కచునికి మాధవపెద్ది సత్యం పాడిన పద్యం ఈ పాత్రకు ప్రవేశదరువు వంటిది. పింగళి నాగేంద్రరావు రచనలోని దీర్ఘసమాసాలు, ద్విత్వాక్షరాలు గాయకుని కంఠంలో వాద్యాఘాతాలుగా మారతాయి. తప్పెట మోగించవలసిన చోట సంయుక్తాక్షరమే మోగుతుంది. అందువల్ల వాద్యబృందం పెద్దదిగా వినిపించవలసిన అవసరం కలగలేదు. పాత్ర పరిమాణాన్ని ఛందస్సే కొలిచి చూపింది.

అలంకారశాస్త్ర పరిభాషలో ఘటోత్కచుడు ఉద్ధత స్వభావుడు. అయితే అడవిలో అభిమన్యునితో తలపడిన అతడు, ఎదుట ఉన్నది పినతల్లి సుభద్ర అని తెలిసిన క్షణంలో వినయశీలి అవుతాడు. అతని వీరం బంధుత్వానికి లోబడినది. ఈ మలుపును పద్యం తరువాత వచ్చే సంభాషణ, దాని వెనుక తగ్గిన వాద్యధ్వని తెలుపుతాయి. బలం ఎంతటిదో చెప్పడం మొదటి పని. ఆ బలం ఎవరికి తలవంచుతుందో చెప్పడం రెండవ పని. తరువాతి వీరథీమ్‌లను అంచనా వేయడానికి ఈ రెండు పనుల విభజన గీటురాయిగా ఉపకరిస్తుంది.

ఒకే నటుడు, ఇద్దరు వీరులు: 1971, 1974

పౌరాణిక, జానపద చిత్రాల ప్రాబల్యం తగ్గుతున్నకొద్దీ పద్యం వెనుకబడింది. పద్యం పాడని వీరునికి ఏ ధ్వని ఉండాలన్నది అప్పటి సంగీత దర్శకుల ఎదుట నిలిచిన సమస్య. దీనికి రెండు భిన్నమైన పరిష్కారాలు మూడేళ్ల వ్యవధిలో ఒకే సంస్థ నుంచి, ఒకే నటునికి, ఒకే సంగీత దర్శకుని చేతిమీదుగా వెలువడ్డాయి.

పద్మాలయా సంస్థ 1971లో నిర్మించిన మోసగాళ్లకు మోసగాడు కౌబాయ్ చిత్రం. కథ, మాటలు, పాటలు ఆరుద్రవి, దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్, కథానాయకుడు కృష్ణ, సంగీతం పి.ఆదినారాయణరావు. ఆ కథాప్రక్రియ ఇటలీ దేశపు పాశ్చాత్య చిత్రాల ద్వారా ప్రపంచమంతటా వ్యాపించింది. సెర్జియో లియోనె చిత్రాల్లో ఎన్నియో మొరికోనె ఈల, గిటారు, పదార్థం లేని మానవకంఠం ఉపయోగించి ఒంటరి వీరుని సృష్టించాడు. అటువంటి వీరునికి వంశం ఉండదు, ఊరు ఉండదు, ఒక్కొక్కప్పుడు పేరు కూడా ఉండదు. పేరులేనివానికి ప్రవేశదరువు పాడడం సాధ్యం కాదు. మాటలేని ధ్వనే అతనికి తగినది. ఈ ప్రక్రియను తెలుగులోకి తెచ్చినప్పుడు వీరుని చుట్టూ ఉన్న అక్షరాన్ని తగ్గించవలసి రావడం దాని సహజ ఫలితం.

అదే సంస్థ, అదే నటుడు, అదే సంగీత దర్శకుడు 1974 మే 1న అల్లూరి సీతారామరాజుతో ప్రేక్షకుల ముందుకు వచ్చారు. ఇక్కడ నాయకుడు పేరున్నవాడు, కాలం తెలిసినవాడు, 1922–24 నాటి మన్యం పోరాటాన్ని నడిపినవాడు. వి.రామచంద్రరావు దర్శకత్వంలో ఆరంభమైన ఈ తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రంలో వెడల్పైన తెరకు తగిన వాద్యబృందం వినియోగింపబడింది. అయినా ఈ వీరుని ముద్ర జనహృదయంలో నిలిచింది శ్రీశ్రీ రచించిన ఉద్బోధగీతం ద్వారా. ఆ రచనకు జాతీయ ఉత్తమ గీతరచయిత పురస్కారం లభించింది. ఘంటసాల, వి.రామకృష్ణ కంఠాలకు బృందగానం తోడైంది. చిత్రం విడుదలయ్యే నాటికి ఘంటసాల కీర్తిశేషుడు. 1974 ఫిబ్రవరి 11న ఆయన మరణించాడు.

ఆ గీతనిర్మాణంలో బృందగానానిది అలంకార స్థానం కాదు. ఒక కంఠం ప్రశ్నిస్తే పలు కంఠాలు సమాధానమిచ్చే పద్ధతి బుర్రకథలోని కథకుడు, వంతల సంబంధాన్ని గుర్తుచేస్తుంది. ప్రజానాట్యమండలి ఆ కళారూపాన్ని రాజకీయ ప్రబోధానికి వినియోగించింది. షేక్ నాజర్ వంటి కళాకారులు దానిలో వీరగాథలను వేలాది జనం ముందు పాడారు. అభ్యుదయ కవిత్వోద్యమంలో నిలిచిన శ్రీశ్రీకి ఈ ప్రశ్నోత్తర రీతి పరిచితమే. ఆదినారాయణరావు కవాతు లయలో వాద్యాలను నడిపించి, పతాకస్థానాన్ని జనకంఠానికి వదిలాడు. ఫలితంగా ఈ గీతంలో వీరుడు స్తుతింపబడేవాడు కాడు, పిలిచేవాడు. శ్రోత అతన్ని చూసి ఆశ్చర్యపడవలసినవాడు కాడు, లేచి అతని వెంట నడవవలసినవాడు. వీరరసానికి స్థాయిభావం ఉత్సాహం. ఆ ఉత్సాహం నాయకునిలో ఆగక సామాజికునికి సంక్రమించడం ఇక్కడ సంగీతరచన సాధించిన ప్రయోజనం.

మాటను విడిచిన వీరుడు: శివ

పై నిర్ణయానికి బలమైన అపవాదం 1989 అక్టోబరులో విడుదలైన శివ. రామ్‌గోపాల్ వర్మ తొలి చిత్రమైన దీనికి ఇళయరాజా సంగీతం సమకూర్చాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని బహుస్వర రచనను దక్షిణాది సినిమాలో విస్తృతంగా పాదుకొల్పిన ఇళయరాజా చేతిలో రీరికార్డింగ్ పాటకు తోక కాక స్వతంత్ర కథనమైంది. కళాశాల ఆవరణలో సైకిల్ చైను తెంపి ఎదురుతిరిగిన యువకునికి పద్యం లేదు, బిరుదు లేదు, అతని పేరును మోసే బృందగానం లేదు. వీరత్వం అతనికి వంశం నుంచి గాని ధర్మపీఠం నుంచి గాని సంక్రమించలేదు. ఆ క్షణపు నిర్ణయం నుంచి పుట్టింది. అటువంటి వీరునికి వాద్యధ్వని, దాని పక్కన నిశ్శబ్దం చాలినవి.

ఈ అపవాదం మూలసూత్రాన్ని బలపరుస్తున్నదే గాని భంగపరచడం లేదు. మోసగాళ్లకు మోసగాడులోని ఒంటరి వీరునికీ శివకూ సామాన్యమైన లక్షణం పూర్వచరిత్ర అక్కరలేకపోవడం. తెలుగు సినిమాలో మాటలేని థీమ్ చరిత్రలేని వీరుని వెంట నడిచింది. చరిత్ర, పురాణం, ప్రాంతం, ప్రజ అనే వాటిలో ఏ ఒక్కదానికి ప్రతినిధిగా వీరుని నిలపవలసి వచ్చినా సంగీతం తిరిగి అక్షరాన్ని ఆశ్రయించింది. తరువాతి కాలపు చిత్రాలు దీనికి సాక్ష్యం.

కైవారంగా మారిన థీమ్: బాహుబలి, ఆర్ఆర్ఆర్

ఎస్.ఎస్.రాజమౌళి చిత్రాలకు ఎం.ఎం.కీరవాణి కూర్చిన సంగీతంలో వీరథీమ్ పరిమాణం ఎన్నడూ లేనంతగా పెరిగింది. బాహుబలి తొలిభాగం 2015 జూలై 10న, మలిభాగం 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. తొలిభాగంలో భల్లాలదేవుని స్వర్ణవిగ్రహాన్ని నిలబెట్టే ఘట్టం పరిశీలనార్హం. జారిపోతున్న విగ్రహం కింద కూలీలు నలిగిపోనుండగా శివుడు తాడు పట్టి ఆపుతాడు. అతని ముఖం చూసిన జనం ఒక్కొక్కరుగా ‘బాహుబలి’ అని పలకడం మొదలుపెడతారు. ఆ పేరు క్రమంగా ఘోషగా మారి, విగ్రహం ఎవరిదో ఆ రాజు పేరును కప్పివేస్తుంది. తనకు తెలియని తన వంశనామాన్ని నాయకుడు జనం నోట వింటున్నాడు. వాద్యబృందం ఎంత పెద్దదైనా ఈ ఘట్టంలో ప్రధాన వాద్యం నాలుగక్షరాల నామమే. రాజు కొలువుకు వచ్చేటప్పుడు వందిమాగధులు చేసిన కైవారం ఇక్కడ ప్రజల నోటికి మారింది.

2022 మార్చి 25న విడుదలైన ఆర్ఆర్ఆర్ అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ అనే చారిత్రక వ్యక్తుల పేర్ల మీద అల్లిన కల్పితకథ. నేపథ్య సంగీతానికి గాను ఈ చిత్రం కీరవాణికి జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది. ఇందులో ఇద్దరు వీరులకు ఇచ్చిన ధ్వనులు పరస్పరం భిన్నమైనవి. రామరాజు పతాకసన్నివేశంలో కాషాయం ధరించి, విల్లు చేపట్టి నిలిచినప్పుడు శివదత్త రచించిన సంస్కృత స్తుతిని బృందగాయకులు ఆలపిస్తారు. వీరుడు చరిత్రపురుషుని నుంచి పురాణపురుషునిగా మారే క్షణం అది. స్తుతిని పాడేవారు తెరమీద కనిపించరు; అది సన్నివేశానికి పైనుంచి వినవచ్చే స్వరం.

1974 నాటి గీతంతో పోల్చినప్పుడు మార్పు స్పష్టమవుతుంది. అప్పటి అల్లూరి తెలుగులో జనాన్ని పిలిచాడు. ఇప్పటి అల్లూరిని సంస్కృతంలో అదృశ్యగాయకులు కీర్తిస్తున్నారు. అప్పుడు సంబోధితుడు శ్రోత. ఇప్పుడు స్తోతవ్యుడు నాయకుడు. సంస్కృత సమాసాల వాచ్యార్థం సామాన్య ప్రేక్షకునికి వెంటనే బోధపడదు. అతనికి చేరేది రకారాల, ఘకారాల నాదం, మంత్రం వంటి ఆవృత్తి, దానివల్ల కలిగే భక్తిభావం. మాయాబజార్ పద్యంలో వాద్యం అక్షరానికి సేవ చేసింది. ఇక్కడ అక్షరం వాద్యబృందంలో ఒక వాద్యమైంది. ప్రత్యక్షరం మిగిలింది, అర్థం వెనక్కి జరిగింది.

అయితే అదే చిత్రంలో భీముని ధ్వని ఎదుటి అంచున నిలిచింది. కొరడాదెబ్బలు తింటూ మోకరిల్లడానికి నిరాకరించే ఘట్టంలో సుద్దాల అశోక్‌తేజ రచించిన పాటను వీరుడు తానే పాడతాడు. భాష తెలంగాణ పలుకుబడి. గాయకుడు కాలభైరవకు జాతీయ పురస్కారం తెచ్చిన ఆ పాటలో వాద్యాల ఆర్భాటం ఆరంభంలో లేదు. ఒంటరి కంఠం ముందు వచ్చి, వాద్యాలు దాని వెనుక చేరతాయి. 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణం విడిచిన గోండు వీరుని పేరును అతడు తనకు తాను గుర్తుచేసుకొంటున్నాడు. సత్యభామ ప్రవేశదరువులో తానెవరో తానే చెప్పుకొన్నట్లు, ఇక్కడ వీరుడు తన పేరుకు తానే జవాబుదారీ అవుతున్నాడు. పాట ముగిసేసరికి చుట్టూ చూస్తున్న జనం తిరగబడతారు. 1974 గీతంలోని ఉత్సాహ సంక్రమణం 2022లో అల్లూరి థీమ్‌లో కాక భీముని పాటలో జరిగింది. వీరుని శక్తిని చూపించడానికి బృందవాద్యం, అతని నిబద్ధతను చూపించడానికి తెలుగు మాట అనే విభజన ఒక్క చిత్రంలోనే ఇంత స్పష్టంగా కనిపించడం విశేషం.

యుద్ధవీరం, దయావీరం

వీరరసాన్ని ఆలంకారికులు దాన, ధర్మ, దయా, యుద్ధవీరాలుగా విభజించారు. బృందవాద్యం యుద్ధవీరాన్ని తేలికగా పట్టుకొంటుంది. వేగం, పరిమాణం, ఆఘాతం, ఆరోహణ అన్నీ వాద్యధర్మాలు. దానం, దయ, ధర్మం ఎదుటి మనిషితో గల సంబంధం నుంచి పుట్టేవి. ఆ సంబంధాన్ని తెలపడానికి సంబోధన కావాలి. సంబోధనకు మాట కావాలి. విగ్రహపు తాడు పట్టిన బాహుబలి దయావీరుడన్న సంగతి తాడు లాగే వేళ మోగిన వాద్యంవల్ల కాక, కూలీల నోట వెలువడిన పేరువల్ల స్థిరపడింది. థీమ్ పెద్దదవుతున్నకొద్దీ వీరుడు గొప్పవాడవుతున్నాడనే భావన ఈ కారణంగా సవరణకు అర్హమైనది. మాట సన్నగిల్లినకొద్దీ నాలుగు వీరాల్లో మూడు మసకబారి, యుద్ధవీరం ఒక్కటే మిగిలే ప్రమాదం ఉంది.

ఇక్కడే డప్పు ప్రసక్తి తిరిగి వస్తుంది. నేటి చిత్రాల్లో నాయకుని రాకకు డప్పు లయను విరివిగా వాడుతున్నారు. ఊరిలో ఆ వాద్యాన్ని మోసినవారు ఊరిచివర ఉండవలసి వచ్చినవారు. చావుకూ చాటింపుకూ వారిని పిలిచి, తక్కిన వేళల్లో దూరం ఉంచిన సమాజం, తెరమీది వీరునికి వారి దరువునే గౌరవచిహ్నంగా స్వీకరించింది. అయితే ఆ లయ ఏ సందర్భానికి చెందిన దరువు, ఆ సందర్భానికి గల అర్థమేమిటి అన్నది స్టూడియో మిశ్రణంలో చెరిగిపోతున్నది. దరువుకు పేరు పోతే మిగిలేది చప్పుడు మాత్రమే. అక్షరం అర్థాన్ని కోల్పోయి నాదమైనట్లే, దరువు సందర్భాన్ని కోల్పోయి వేగమవుతున్నది. రెండు నష్టాలూ ఒకే స్వభావం కలవి.

ముగింపు

తెలుగు శాఖల్లో సినిమా అధ్యయనం చాలావరకు పాటల సాహిత్యంతో ఆగిపోతుంది. పాటల పుస్తకాల్లో అచ్చయిన మాటలు పరిశోధనకు సులభంగా అందుతాయి. పాటకూ పాటకూ నడుమ మోగిన నేపథ్య సంగీతం, దాన్ని వాయించిన కళాకారుల పేర్లు ఆ పుస్తకాల్లో లేవు. పైన పరిశీలించిన చిత్రాలు చూపుతున్నట్లు, గీతరచన అర్థం దాని ముందు వెనుకల మోగిన వాద్యంతో కలిపి చూసినప్పుడే పూర్తవుతుంది. శ్రీశ్రీ గీతంలోని పిలుపు కవాతు లయ లేకుండా సగమే వినిపిస్తుంది. శివదత్త స్తుతిలోని అర్థం వాద్యఘోషలో ఎంత మిగిలిందో వినకుండా దాని సాహిత్యవిలువను నిర్ణయించడం సాధ్యం కాదు. దరువుల పరిశోధన చేసే జానపద విజ్ఞానం, ధ్రువలను వివరించే నాట్యశాస్త్ర అధ్యయనం, గీతరచనను పరిశీలించే ఆధునిక సాహిత్య విమర్శ ఇక్కడ ఒకచోట చేరవలసి ఉంది.

ధ్రువ నుంచి దరువుకు, దరువు నుంచి పద్యానికి, పద్యం నుంచి ఉద్బోధగీతానికి, అక్కడి నుంచి సంస్కృత బృందగానానికి సాగిన ఈ మార్గంలో వీరుని సంగీతం వాద్యాన్ని పెంచుకుంటూ వచ్చింది. అక్షరాన్ని పూర్తిగా విడిచినది చరిత్రలేని వీరుని సందర్భంలోనే. తక్కిన ప్రతిచోటా వీరుని వెంట ఒక పేరు, ఆ పేరును పలికే ఒక నోరు ఉన్నాయి. ఆ నోరు ఎవరిది అన్నదానిని బట్టి వీరుని స్వభావం నిర్ణయమవుతున్నది. ఘటోత్కచుడు తన బలాన్ని తానే చాటాడు. 1974 నాటి అల్లూరి జనాన్ని పిలిచాడు. బాహుబలిని జనం పిలిచారు. నేటి అల్లూరిని కనబడని గాయకులు కొలుస్తున్నారు. భీముడు తనను తాను పిలుచుకొన్నాడు. రెడ్డిగూడెంలో డప్పు విన్నవాడు ‘ఎవరి కోసం’ అని అడిగినట్లే, వీరుని థీమ్ విన్న పరిశోధకుడు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా అదే.